పదకొండు గంటల ఆకలి

పొద్దున ఎనిమిదింటికి కడుపునిండా తిన్నాం అనుకుంటాం. పదకొండు కొట్టేసరికి ఏదో వెలితి. చేతికి అందేంత దూరంలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది, పక్కవాళ్లు టీకి పిలుస్తారు. రెండు బిస్కెట్లతో మొదలై ప్యాకెట్ సగం ఖాళీ అవుతుంది. బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నవాళ్లు చాలామంది జారిపోయేది సరిగ్గా ఈ గంటలోనే. నేనూ ఏళ్ల తరబడి ఇక్కడే జారాను. మధ్యాహ్నం తిండి తగ్గించాను, రాత్రి తిండి తగ్గించాను, పదకొండింటి ఆకలి మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకు పట్టుదల లేదేమోనని బాధపడ్డాను కూడా. పొద్దున పళ్లెంలో ఏముందో ఒకరోజు కూర్చుని లెక్క వేస్తే గానీ సంగతి అర్థం కాలేదు. రెండు బ్రెడ్డు ముక్కలు, జామ్, కాసిని పాలు పోసిన టీ. అన్నీ కలిపినా ప్రోటీన్ 8 గ్రాములకు మించదు.

ముందుగా ఒక అపోహ తీసేసుకుందాం. పొద్దున తినకపోతే లావెక్కుతారని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. పరిశోధనలు ఆ మాటను నిలబెట్టలేదు. 2019లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు 13 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. పొద్దున తినమన్న గుంపు, తినవద్దన్న గుంపు కంటే రోజుకు సగటున 260 క్యాలరీలు ఎక్కువే తింది. బరువులోనూ దాదాపు అర కిలో ఎక్కువే ఉంది. కాబట్టి పొద్దున ఆకలి వేయనివాళ్లు బరువు తగ్గుతామన్న ఆశతో బలవంతంగా తినాల్సిన పని లేదు. కానీ మనలో ఎక్కువమందికి ఆకలి వేస్తుంది, తింటాం. తినేవాళ్లకు అసలు ప్రశ్న ఏం తినాలన్నది. ఆ 13 ప్రయోగాల్లో పెట్టిన తిండి అన్నిచోట్లా ఒకటి కాదు. తృణధాన్యాల రేకులు తిన్నా, గుడ్లు తిన్నా లెక్కలో 'పొద్దున తిన్నారు' అనే రాసుకుంటారు. శరీరం మాత్రం ఆ రెంటినీ ఒకేలా చూడదు.

ఆ తేడా అరుగుదలతోనే మొదలవుతుంది. తిన్నదాన్ని అరిగించడానికి కూడా శరీరం కొంత శక్తి ఖర్చు పెట్టాలి. కొవ్వుకు ఆ ఖర్చు 100 క్యాలరీలకు 3 లోపే. పిండిపదార్థాలకు 5 నుంచి 10. ప్రోటీన్‌కు 20 నుంచి 30. అంటే ప్రోటీన్ రూపంలో 100 క్యాలరీలు తింటే చేతికి మిగిలేది 70 నుంచి 80 మాత్రమే. ఇది మంచి విషయమే కానీ, దీని మీద మరీ ఆశలు పెట్టుకోకూడదు. పొద్దున 25 గ్రాముల ప్రోటీన్ తింటే అందులో ఉండేవే 100 క్యాలరీలు, దాని అరుగుదలకు పోయేవి 20, 30. అసలు లాభం ఆకలి దగ్గర ఉంది.

కడుపు ఖాళీ అయినప్పుడు అక్కడి కణాలు గ్రెలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. మెదడుకు 'ఆకలేస్తోంది' అని చెప్పేవాటిలో ఇదొకటి. దీన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. తిండి పేగుల్లోకి దిగాక అక్కడి నుంచి వేరే హార్మోన్లు బయల్దేరి 'ఇక చాలు' అంటాయి. ఈమధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్ల పుణ్యమా అని అందరి నోటా వినబడుతున్న జీఎల్‌పీ-1 అలాంటిదే. ప్రోటీన్ ఎక్కువగా ఉన్న తిండి ఈ 'చాలు' అనే కబురును గట్టిగా పంపుతుంది. అయితే మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 రక్తంలో నిమిషాల్లోనే కరిగిపోతుంది. ఇంజెక్షన్‌లో ఉండేది రోజుల తరబడి నిలవడానికి మార్చి తయారుచేసిన మందు. కోడిగుడ్డు ఆ మందుతో సమానమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆకలికీ ప్రోటీన్‌కూ ఉన్న సంబంధం గురించి నేను చదివినవాటిలో నన్ను బాగా కదిలించింది ఒక పురుగు కథ. అమెరికా పడమటి ప్రాంతంలో మార్మన్ క్రికెట్ అనే మిడత జాతి పురుగు ఉంది. ఎగరలేదు. లక్షలాదిగా గుంపు కట్టి, నేల మీద నడుచుకుంటూ మైళ్లకు మైళ్లు పోతుంది. దారిలో బోలెడంత పచ్చిక ఉన్నా ఆగదు. ఎందుకు? స్టీఫెన్ సింప్సన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ గుంపు నడిచే దారిలో చిన్న చిన్న గిన్నెలు పెట్టారు. కొన్నింటిలో పిండిపదార్థాలు, కొన్నింటిలో ప్రోటీన్, కొన్ని ఉప్పు కలిపినవి. పురుగులు ప్రోటీన్, ఉప్పు ఉన్నచోటికే ఎగబడ్డాయి. అసలు గుండె ఝల్లుమనే సంగతి ఇంకొకటి ఉంది. దారిలో దొరికే ప్రోటీన్‌లోకెల్లా దగ్గరగా ఉండేది ముందు నడిచే పురుగు ఒళ్లే. ఆగితే వెనకాల వచ్చేది కొరికి తినేస్తుంది. అందుకే ఏదీ ఆగదు. 2006లో అచ్చయిన పరిశోధన ఇది.

ఇదే సింప్సన్, డేవిడ్ రాబెన్‌హైమర్‌తో కలిసి 2005లో మనుషుల గురించి ఒక ప్రతిపాదన చేశారు. శరీరం తనకు కావలసిన ప్రోటీన్ అందేదాకా తినమని తొందరపెడుతూనే ఉంటుందనీ, తిండిలో ప్రోటీన్ పలచబడితే ఆ కోటా పూర్తి చేయడానికి పిండి, కొవ్వు ఎక్కువెక్కువగా తినేస్తామనీ వాళ్ల వాదన. పాలలో నీళ్లు కలిపితే అదే బలం కోసం ఇంకో గ్లాసు తాగాల్సి వచ్చినట్టు. తర్వాత సిడ్నీలో దీన్ని మనుషుల మీదే పరీక్షించారు. రుచిలో తేడా తెలియకుండా తయారుచేసిన తిండి నాలుగేసి రోజులు పెట్టి చూశారు. క్యాలరీల్లో ప్రోటీన్ వాటా 15 శాతం నుంచి 10కి తగ్గించిన రోజుల్లో జనం సుమారు 12 శాతం ఎక్కువ తిన్నారు. ఆ ఎక్కువలో పెద్ద భాగం భోజనాల మధ్య తినే చిరుతిళ్ల రూపంలో వచ్చింది. ఇది చదివినప్పుడు నా బిస్కెట్ ప్యాకెట్ గుర్తొచ్చింది. అదే ప్రయోగంలో ప్రోటీన్‌ను 25 శాతానికి పెంచితే తినడం అంతకంటే తగ్గలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. లోటు తీరితే చాలు, ఆపైన పోసుకుంటూ పోవడం వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

కండరాల సంగతి కూడా చెప్పాలి. బరువు తగ్గేటప్పుడు ఒంట్లోంచి కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా కరుగుతుంది. తగినంత ప్రోటీన్ తింటూ, కాస్త బరువులెత్తే వ్యాయామం చేస్తే కండ చాలావరకు నిలుస్తుంది. పెద్దవాళ్లకు మామూలుగా చెప్పే కనీస లెక్క శరీర బరువులో కిలోకు 0.8 గ్రాములు. బరువు తగ్గుతున్నవాళ్లకు 1.2 గ్రాములు, అంతకు కొంచెం పైనే మేలంటారు. 70 కిలోల మనిషికి అది రోజుకు 84 గ్రాములు. కొవ్వును దాచుకున్నట్టు ప్రోటీన్‌ను తర్వాతి అవసరానికి దాచిపెట్టే అర ఏదీ శరీరంలో లేదు. చాలామంది పొద్దున పది గ్రాములు కూడా తినరు, రాత్రికి మొత్తం కుమ్మరిస్తారు. పొద్దునకు 20 నుంచి 30 గ్రాములు పెట్టుకుంటే మిగతా రోజు లెక్క సులువవుతుంది.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. అన్నిటికంటే సులువైనది గుడ్డు. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, 70 నుంచి 75 క్యాలరీలు. బరువు తగ్గాలని పచ్చసొన తీసి పారేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గుడ్డు ప్రోటీన్‌లో 40 శాతం పైగా ఆ సొనలోనే ఉంది, విటమిన్ డీ కూడా అందులోదే. పచ్చి గుడ్డు తాగడం వల్ల బలం ఎక్కువ వస్తుందన్న నమ్మకం కూడా తప్పే. ఉడికిన గుడ్డు ప్రోటీన్‌లో సుమారు 90 శాతం అరిగితే, పచ్చిదాంట్లో సగమే అరుగుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూపారు. ఉడికించడమంటే ముడుచుకుని ఉన్న ప్రోటీన్ గొలుసులను వేడితో విప్పడం. విప్పిన గొలుసును మన అరుగుదల రసాలు తేలిగ్గా కత్తిరిస్తాయి. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక గట్టిపడడం మొదలెడుతుంది, పచ్చసొనకు ఇంకాస్త వేడి కావాలి. మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తీసిన వెంటనే చన్నీళ్లలో వేయండి. మర్చిపోయి అలాగే ఉడకనిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి చేసే రంగు అది. హాని లేదు గానీ రుచి చెడుతుంది. ఒకేసారి ఆరు ఉడికించి, పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజుల పొద్దున పని అయిపోయినట్టే. రెండు గుడ్లు, ఒక పెద్ద గ్లాసు పాలు కలిపితే 20 గ్రాములు.

గుడ్డు తినని వాళ్లకు పెరుగు మంచి దారి. మామూలు పెరుగులో 100 గ్రాములకు మూడున్నర గ్రాముల ప్రోటీనే ఉంటుంది. మిగతాదంతా ఎక్కువగా నీరే. ఆ నీరు తీసేస్తే సరి. రాత్రి పడుకోబోయే ముందు పల్చటి గుడ్డలో అర కిలో పెరుగు పోసి, మూట కట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి గిన్నెలో పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో తేట దిగుతుంది. మూట విప్పితే చెంచా గుచ్చితే నిలబడేంత చిక్కటి పెరుగు. పాల ప్రోటీన్‌లో 80 శాతం దాకా ఉండే కేసీన్ గడ్డకట్టి గుడ్డలోనే ఆగిపోతుంది. కాబట్టి సగం బరువు కారిపోయినా ప్రోటీన్ చాలావరకు మిగులుతుంది, గ్రాముకు దాదాపు రెట్టింపు అవుతుంది. ఒక పెద్ద కప్పు తింటే సుమారు 16 గ్రాములు. పైన పండ్ల ముక్కలు, కొన్ని గింజలు చల్లుకుంటే 20కి చేరుతుంది. పండ్ల రుచులతో అమ్మే తియ్యటి పెరుగు డబ్బాలు ఈ లెక్కలోకి రావు. వాటిలో కలిపిన చక్కెర చూసుకోవాలి.

పప్పుధాన్యాల దగ్గర ప్రోటీన్ కొంచెం పలచన, కానీ పీచు దండిగా ఉంటుంది. ఆ పీచు కూడా ఆకలిని ఆపే పనిలో చేయి వేస్తుంది. ఉడికిన శనగలు ఒక కప్పులో 14 గ్రాములు వస్తాయి. సెలవు రోజున ఒక గిన్నెడు ఉడికించి, విడివిడి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున ఉల్లి, టమాటా, నిమ్మరసం కలుపుకుంటే ఐదు నిమిషాల పని. పక్కన ఒక గుడ్డో, కాస్త పనీరో ఉంటే 20 దాటుతుంది. ప్రోటీన్ గొలుసులోని పూసల్లాంటివి అమైనో ఆమ్లాలు. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ అనేది తక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. రెండూ ఒకే పూట తినాలని కూడా లేదు, ఆ రోజులో ఎప్పుడు తిన్నా చాలు. ఎర్ర రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి, మెత్తబడేదాకా ఉడికించాలి. సరిగ్గా ఉడకని గింజల్లోని ఒక పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

గట్టి టోఫు, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది, ఉంటే నలిపి, మిరియాలు, పసుపు వేసి గుడ్డు పొరటులా వేయించుకోవచ్చు. ఓట్స్‌ను నీళ్లకు బదులు పాలతో ఉడికిస్తే 5 గ్రాములు కాస్తా 13 అవుతాయి. ప్రోటీన్ పౌడర్ తప్పనిసరి కాదు. వంటకు టైమ్ లేని రోజున పాలలో ఒక చెంచా కలుపుకోవడంలో తప్పూ లేదు.

ఎక్కువమంది మోసపోయేది గింజల దగ్గర. బాదం, వేరుశనగ వెన్న ప్రోటీన్‌కు పెట్టింది పేరని అనుకుంటారు. అవి మంచి తిండే, సందేహం లేదు, కానీ ముందుగా అవి కొవ్వు పదార్థాలు. నేను చూసే లెక్క ఒకటుంది: 100 క్యాలరీలకు ఎన్ని గ్రాముల ప్రోటీన్? గుడ్డుకు 8 పైన. శనగలకు 5 పైచిలుకు. బాదంకు 4 కూడా రావు. బాదం నుంచే 20 గ్రాములు రాబట్టాలంటే 500 క్యాలరీలు పైన తినాలి. 'హై ప్రోటీన్' అని ముందువైపు పెద్ద అక్షరాలతో రాసిన బార్లను కూడా వెనక్కి తిప్పి ఇదే లెక్క వేయండి. చాలావాటికి చాక్లెట్‌తో చుట్టరికం కనిపిస్తుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు. షుగర్‌కు మందులో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు పొద్దున తిండి మార్చే ముందు ఒక మాట అడగడం అవసరం. పిండి తగ్గితే మందు మోతాదు కూడా చూసుకోవాల్సి రావచ్చు.

మొదటి నాలుగైదు రోజులు బరువు చూసే మెషీన్ ఎక్కకండి. రోజుకూ రోజుకూ అందులో కనిపించే హెచ్చుతగ్గులు ఎక్కువగా ఒంట్లోని నీటివి. బదులుగా ఒక కాగితం మీద రోజూ రెండే రాయండి: పొద్దున ఎన్ని గ్రాముల ప్రోటీన్ తిన్నారు, ఆ తర్వాత నిజంగా ఆకలి వేసిన టైమ్ ఎంత. నా కాగితం మీద మొదటి రోజు 10:50 అని ఉంది. రెండు గుడ్లు, పాలు మొదలుపెట్టిన రెండో వారంలో ఒకరోజు 1:15 అని రాసుకున్నాను. ఆ పూట టీకి పిలిస్తే వెళ్లాను, టీ తాగాను, బిస్కెట్ ప్యాకెట్ అలాగే బల్ల మీద ఉంది.