పెంపుడు ఉడుముకు ఎలాంటి మన్ను వేయాలి?

ముందే చెప్పేస్తాను, మన దేశంలో ఉడుమును పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే అదీ ఉంది, కాబట్టి పొలంగట్టున కనిపించినదాన్ని దయచేసి ఇంటికి తెచ్చుకోకండి. ఇక్కడ రాస్తున్నది ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి ఎగుమతై అమెరికా, యూరప్ ఇళ్లలో పెరిగే సవన్నా మానిటర్ అనే ఆఫ్రికా ఉడుము గురించి. అక్కడున్న మనవాళ్లెవరైనా దాన్ని కొనాలనుకుంటే ముందు ఆలోచించాల్సింది మన్ను గురించే.

చాలామంది గాజు తొట్టిలో రెండంగుళాల చెక్కపొట్టు పరిచి, పైన వేడి కోసం దీపం పెట్టి ఊరుకుంటారు. ఉడుముకు అది చాలదు. మనం ఉడుంపట్టు అని చెప్పుకుంటామే, ఆ గోళ్లతో అది రోజూ చేసే పని తవ్వకం. ఘనాలో పరిశీలించినవాళ్లకు పిల్ల ఉడుములు పెద్ద కీచురాళ్ల బొరియల్లో కనిపించాయి, అంటే తిండీ ఇల్లూ ఒకేచోట. దీపం కింద రాయి 50 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి దానికి కావాలి కూడా, కానీ అంత పొడిగాలిలో ఊపిరి తీసిన ప్రతిసారీ ఒంట్లో నీరు కొంత పోతూనే ఉంటుంది. బొరియలో గాలి చెమ్మగా ఉంటుంది కాబట్టి లోపలికి దూరితే ఆ నష్టం బాగా తగ్గుతుంది. దూరే చోటే లేకపోతే నీళ్ల గిన్నె ఎదురుగా ఉన్నా నెలల తరబడి మెల్లగా ఎండిపోయి, మూత్రపిండాలు దెబ్బతిని, యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని గౌట్ వస్తుంది. పైకి మాత్రం బద్ధకంగా పడుకున్నట్టే కనిపిస్తుంది, నాకు బాధ కలిగించేది అదే.

ఎరువు కలపని తోటమట్టి ఆరు పాళ్లు, ఇసుక నాలుగు పాళ్లు కలిపి మొదలుపెట్టండి. తడిపి గుప్పెడు తీసుకుని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ఆ ముద్దలో వేలు గుచ్చి తీస్తే చిల్లు అలాగే నిలవాలి. రాలిపోతే ఇసుక ఎక్కువైంది లేదా తడి చాల్లేదు, ఆరాక రాయిలా బిగుసుకుపోతే బంకమన్ను ఎక్కువైంది. దేవదారు పొట్టు మాత్రం వద్దు, దాని నూనెల ఘాటు హాని చేస్తుంది. మన్ను తిని పేగులు మూసుకుపోతాయేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు గానీ, వేడీ నీరూ సరిగ్గా అందే ఉడుముకు కాస్త మన్ను కడుపులోకి పోయినా మామూలుగా బయటికి వచ్చేస్తుంది.

లోతు కనీసం రెండడుగులు. ఆడదైతే ఇంకా ముఖ్యం, గుడ్లు పెట్టే చోటు నచ్చకపోతే కడుపులోనే ఆపుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మన ఊళ్ల ఉడుము చెదపుట్టను తవ్వి గుడ్లు పెడుతుంది, ఆస్ట్రేలియాలో పసుపు మచ్చల ఉడుమైతే మెలికలు తిరుగుతూ మూడు మీటర్లకు పైగా దిగుతుంది! అయితే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న గూట్లో రెండడుగుల తడిమన్ను పోస్తే బరువు రెండున్నర టన్నులు దాటుతుంది. మామూలు గాజు తొట్టి ఆగదు, మేడ మీద గదిలో అసలే వద్దు.

పైన చిలకరిస్తే తడి అడుక్కి దిగదు. ఒక మూల పైపు పాతి అందులో నీళ్లు పోయండి. మొదటి బొరియ కూలిపోతే మన్ను తోడి మళ్లీ కలపాల్సిందే, పార పెట్టేముందు ఉడుము లోపల లేదని మాత్రం చూసుకోండి.