పౌడర్ చార్టు చెప్పేది, చెప్పనిది

అమెరికాలో తుపాకీ కాల్చే అలవాటున్నవాళ్లలో చాలామంది ఖాళీ ఇత్తడి కేసుల్ని, అంటే కాల్చాక మిగిలే తూటా గుల్లల్ని, పారేయరు. ఏరుకుని ఇంటికి తెచ్చి, శుభ్రం చేసి, మందుని అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, తూచిన తుపాకీ మందు పోసి, పైన కొత్త బుల్లెట్ బిగించి మళ్లీ వాడతారు. దీన్ని రీలోడింగ్ అంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి ఈ పని మనలో ఎక్కువమందికి తెలియదు, అమెరికాలో స్థిరపడి అక్కడి షూటింగ్ రేంజ్‌లకు వెళ్లే తెలుగువాళ్లకైతే పరిచయమే. రీలోడింగ్ చేసేవాళ్లందరికీ బాగా తెలిసిన కాగితం ఒకటుంది, దాని పేరు బర్న్ రేట్ చార్టు. వందకు పైగా పొగలేని మందుల పేర్లు అందులో వరసగా ఉంటాయి. అన్నిటికంటే త్వరగా కాలేది పైన, అన్నిటికంటే నిదానంగా కాలేది అట్టడుగున.

చూడగానే ఇది స్కేలులా అనిపిస్తుంది. నలభయ్యో స్థానంలో ఉన్న మందుకి ఒక వేగం, యాభయ్యో దానికి ఇంకో వేగం, కాబట్టి మధ్యలో ఉన్న దానికి ఎంత ఉంటుందో లెక్క కట్టేయొచ్చు అనిపిస్తుంది. అలా కుదరదు. ఏ మందుకీ సొంతంగా ఒక వేగం ఉండదు. అది కాలే వేగాన్ని కేసు పరిమాణం, బుల్లెట్ బరువు, గొట్టం వ్యాసం, ఆ రోజు ఎండ, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ఈ సంగతి అర్థమైతే చార్టుని ఎంతవరకు నమ్మాలో దానంతట అదే తెలుస్తుంది.

ముందు శక్తి సంగతి చూద్దాం. త్వరగా కాలే మందులో ఎక్కువ శక్తి, నిదానంగా కాలేదానిలో తక్కువ శక్తి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పొగలేని మందు ఏదైనా గ్రాముకి దాదాపు నాలుగు కిలోజౌళ్ల చుట్టుపక్కలే ఇస్తుంది. వంటనూనె గ్రాముకి 37 కిలోజౌళ్లు ఇస్తుంది, అంటే శక్తి లెక్కలో మందు నూనె ముందు నిలవదు. తేడా ఎక్కడుందంటే నూనె కాలడానికి గాలి కావాలి, మందుకి అక్కర్లేదు. దాని ప్రధాన భాగమైన నైట్రోసెల్యులోజ్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకే మూసేసిన కేసులో కూడా కాలుతుంది, సెకనులో వెయ్యో వంతు అటూఇటుగా తన పని ముగిస్తుంది. చార్టులో పైనున్న మందుకీ కిందున్న మందుకీ తేడా ప్రధానంగా ఆ కాస్త సమయంలో గ్యాసుని ఎలా విడుదల చేస్తుందన్నదే.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజ్‌ని ఈథర్, ఆల్కహాల్‌తో ముద్దగా చేసి, పల్చగా సాగదీసి, ముక్కలుగా కోసి మొదటి సైనిక పొగలేని మందు తయారుచేశాడు. అంతకుముందు వాడిన నల్లమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. కాలాక అందులో సగానికి పైగా గ్యాసు అవకుండా పొగగా, మసిగా మిగిలేది. వియే చేసిన దానిలో దాదాపు అంతా గ్యాసే. ఆయన చేసిన ఇంకో పని నాకు దీనికంటే గొప్పగా అనిపిస్తుంది. మూసేసిన ఉక్కు పాత్రలో మందు కాల్చి, పీడనం పెరిగేకొద్దీ అది ఎంత వేగంగా కాలుతుందో కొలిచి, ఆ రెండిటికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా రాశాడు. పీడనాన్ని ఒక ఘాతానికి ఎత్తి ఒక స్థిరాంకంతో గుణిస్తే కాలే వేగం వస్తుంది. తుపాకి మందుల్లో ఆ ఘాతం సాధారణంగా ఒకటికి కొంచెం తక్కువగా ఉంటుంది, అంటే పీడనం రెట్టింపైతే వేగం కూడా దాదాపు రెట్టింపవుతుంది.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. చెంచాడు పొగలేని మందుని ఆరుబయట నేల మీద పోసి అంటిస్తే పసుపు మంటతో బుస్సుమని కాలిపోతుంది, పేలదు. అదే మందు కేసులో ఉంటే, కాలినకొద్దీ గ్యాసు పుడుతుంది, గ్యాసు పీడనం పెంచుతుంది, పీడనం మందుని ఇంకా వేగంగా కాలుస్తుంది, ఆ వేగం మళ్లీ పీడనం పెంచుతుంది. ఈ చక్రాన్ని అదుపుచేసేది బుల్లెట్ కదలికే. అది ముందుకు జరిగినకొద్దీ వెనక ఖాళీ పెరిగి పీడనం తగ్గుతుంది. బుల్లెట్ తొందరగా కదిలితే పీడనం మెత్తబడుతుంది, మొరాయిస్తే ఎగబాకుతుంది. అందుకే ఒకే డబ్బాలోని మందు బరువైన బుల్లెట్ వెనక ఎక్కువ వేగంగా, తేలికైన బుల్లెట్ వెనక తక్కువ వేగంగా కాలుతుంది.

ఇక గింజ ఆకారం. మందు గింజ పైపొర నుంచి లోపలికి, పొరలు పొరలుగా కాలుతుంది, కాబట్టి ఏ క్షణంలో ఎంత గ్యాసు వస్తుందన్నది ఆ క్షణంలో ఎంత ఉపరితలం మండుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. పొయ్యిలో ఎండుపుల్లలు భగ్గుమంటాయి, అదే చెట్టుదైనా మొద్దు గంటలకొద్దీ కాలుతుంది, అలాగే ఇక్కడ కూడా. పల్చటి రేకుల మందు త్వరగా అయిపోతుంది, లావు గింజ నిదానిస్తుంది. గుండ్రటి గింజ కాలినకొద్దీ చిన్నదవుతుంది కాబట్టి దాని ఉపరితలం తగ్గిపోతూ వస్తుంది, మొదట్లోనే ఎక్కువ గ్యాసు వస్తుంది. మధ్యలో రంధ్రమున్న గొట్టం లాంటి గింజలో బయట ఉపరితలం తగ్గుతుంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంది, రెండూ కలిపితే దాదాపు సమానం. ఫిరంగుల మందులో ఒక్కో గింజకి ఏడు రంధ్రాలు పెడతారు, అందువల్ల కాలినకొద్దీ ఉపరితలం పెరుగుతుంది.

రైఫిల్ మందు గింజలు చాలా చిన్నవి, వాటికి ఏడు రంధ్రాలు చేయడం అయ్యే పని కాదు. అందుకని గింజ పైపొరల్లోకి కాలడాన్ని నిదానింపజేసే రసాయనాన్ని ఇంకిస్తారు. డైబ్యూటైల్ థాలేట్, సెంట్రలైట్ అలాంటివే. మొదట ఆ పొర మెల్లగా కాలుతుంది, బుల్లెట్ కదిలి వెనక చోటు పెరిగేసరికి లోపలి అసలు మందు బయటపడి వేగం అందుకుంటుంది. 1933లో అమెరికాలో ఫ్రెడ్ ఓల్సెన్ కనిపెట్టిన గుండ్రటి బాల్ పౌడర్ రైఫిళ్లలో పనికొచ్చింది చాలావరకు ఈ పూత వల్లే. పూత ఎంత లోతు ఇంకిందన్నది కంటికి కనిపించదు కాబట్టి గింజ ఆకారం చూసి వేగం ఊహించడం కుదరదు.

పిస్టల్‌కి త్వరగా కాలే మందు ఎందుకో, రైఫిల్‌కి నిదానంగా కాలేది ఎందుకో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. పిస్టల్ గొట్టం పొట్టిది, నిదానపు మందు వేస్తే బుల్లెట్ బయటికి వెళ్లిపోయాక మిగతాది మూతి దగ్గర మంటగా పోతుంది. దానికి విరుద్ధంగా, పెద్ద రైఫిల్ కేసు నిండా పిస్టల్ మందు పోస్తే బుల్లెట్ కదిలి చోటు ఇచ్చేలోపే పీడనం హద్దు దాటుతుంది, తుపాకీ చేతుల్లోనే పేలిపోతుంది. అమెరికా పరిశ్రమ ప్రమాణాల్లో 9 ఎంఎం పిస్టల్ తూటాకి గరిష్ఠ పీడనం 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్ తూటాకి 60,000 పీఎస్ఐ, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి నాలుగు వేల రెట్లు. చార్టు చేసే అసలు మేలు ఈ రకమైన ఘోరమైన తప్పు జరక్కుండా చూడటమే: ఏ మందు ఏ కుటుంబంలోదో చెబుతుంది.

చార్టులో స్థానాలు ఎలా వస్తాయంటే, మూసిన ఉక్కు పాత్రలో మందు కాల్చి పీడనం ఎంత త్వరగా లేచిందో కొలుస్తారు, అసలు తూటాల్లో కాల్చి కూడా పోలుస్తారు. ఆ పాత్రలో కదిలే బుల్లెట్ లేదు, పెరిగే చోటు లేదు. కాబట్టి ఒక కంపెనీ చార్టులో ముందున్న మందు ఇంకో కంపెనీ చార్టులో వెనక్కి పోవడంలో వింత లేదు. పక్కపక్క స్థానాల మధ్య దూరం కూడా ఒకేలా ఉండదు, ఒక చోట అది వెంట్రుకంత అయితే మరో చోట చాలా ఎక్కువ ఉంటుంది.

4831 కథ దీనికి మంచి ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్సస్‌లో బ్రూస్ హాడ్గ్‌డన్ అనే ఆయన సైన్యం దగ్గర మిగిలిపోయిన మందుల్ని టోకున కొని రీలోడింగ్ చేసేవాళ్లకి అమ్మడం మొదలుపెట్టాడు. అందులో 20 ఎంఎం ఫిరంగి తూటాల కోసం చేసిన 4831 మందు పెద్ద రైఫిళ్లలో అద్భుతంగా పనిచేసింది. దానికి పేరు రావడంతో డ్యూపాంట్ కంపెనీ తర్వాత తన ఐఎంఆర్ బ్రాండు కింద అదే నంబరుతో ఐఎంఆర్ 4831 తెచ్చింది. రెండూ ఒకటి కాదు, ఐఎంఆర్ 4831 హాడ్గ్‌డన్ హెచ్4831 కంటే త్వరగా కాలుతుంది. హెచ్4831కి ఇచ్చిన గరిష్ఠ తూకం చూసి ఐఎంఆర్ డబ్బాలోంచి పోస్తే ప్రమాదం. 2003 నుంచి రెండు బ్రాండ్లూ హాడ్గ్‌డన్ చేతిలోనే ఉన్నాయి, రెండు డబ్బాల మీదా ఆ నంబరే ఉంటుంది. ఇంకోవైపు వించెస్టర్ 231, హెచ్‌పీ-38 పేర్లు వేరైనా మందు ఒకటే.

కాలే తీరు మారితే ఏం జరుగుతుందో వియత్నాంలో అమెరికా సైనికులు ప్రాణాలిచ్చి తెలుసుకున్నారు. ఎం16 రైఫిల్‌ని ఐఎంఆర్ 4475 అనే మందుతో అభివృద్ధి చేశారు. సైన్యం అడిగిన సెకనుకి 3,250 అడుగుల వేగాన్ని పీడనం హద్దులోనే ప్రతిసారీ ఇవ్వడం దానికి కష్టమైంది. అందుకని 1964లో డబ్ల్యూసీ 846 అనే బాల్ పౌడర్‌కి మారారు. బుల్లెట్ వేగం సరిపోయింది, గరిష్ఠ పీడనం హద్దులోనే ఉంది, కాగితం మీద అంతా బాగుంది. కానీ ఆ రైఫిల్ గొట్టం మధ్యలోని చిన్న రంధ్రం నుంచి గ్యాసు తీసుకుని తనంతట తాను మళ్లీ లోడ్ అవుతుంది, కొత్త మందుతో ఆ రంధ్రం దగ్గర పీడనం పెరిగింది. రైఫిల్ అనుకున్నదానికంటే వేగంగా లోడ్ అవుతూ కాలడం మొదలుపెట్టింది, మందులో కలిపిన కాల్షియం కార్బొనేట్ గ్యాసు గొట్టంలో పేరుకుంది, కేసులు లోపల ఇరుక్కుపోయాయి. తూటా కూర్చునే ఛాంబర్‌కి క్రోమ్ పూత లేకపోవడం, సైనికులకి శుభ్రం చేసే సామాను సరిగా ఇవ్వకపోవడం కూడా కారణాలే. 1967లో అమెరికా పార్లమెంటు కమిటీ దీని మీద విచారణ జరిపి సైన్యాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఒక మందుని ఇంకో మందుతో పోల్చడానికి గరిష్ఠ పీడనం, బుల్లెట్ వేగం అనే రెండు అంకెలు చాలవని అంతకంటే బలంగా చూపిన సందర్భం నాకు తెలియదు.

ఎండ సంగతికొస్తే మన దేశం కథలోకి వస్తుంది. బ్రిటిష్‌వాళ్ల కార్డైట్ 1889లో పుట్టింది, అందులో నూటికి 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 గన్‌కాటన్ (నైట్రోసెల్యులోజ్‌లో ఒక రకం), 5 వాసెలిన్. నీలగిరుల్లో కూనూర్ దగ్గర అరువంకాడులో 1903లో పెట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ పేరు దాని నుంచే వచ్చింది. వేడెక్కితే ఏ మందైనా త్వరగా కాలుతుంది, కార్డైట్ ఆ విషయంలో మరీ ఎక్కువ. ఇంగ్లండ్ చలిలో బాగా పనిచేసిన తూటా మన దేశపు ఎండలో, ఆఫ్రికా ఎండలో పీడనం పెరిగి కేసు ఛాంబర్‌కి అతుక్కుపోయేది, క్రూరమృగం ఎదురుగా ఉన్నప్పుడు రైఫిల్ తెరుచుకోకపోతే ప్రాణాపాయమే. పెద్ద మృగాల వేట కోసం 1911లో వచ్చిన .416 రిగ్బీ తూటా కేసు అంత విశాలంగా ఉండటానికి ఇదే కారణం, లోపల చోటు ఎక్కువుంటే వేడికి పెరిగే పీడనానికి అవకాశం మిగులుతుంది. ఇవాళ ఆ పని మందులోనే చేస్తున్నారు: ఆస్ట్రేలియాలో ముల్వాలా ఫ్యాక్టరీ తయారుచేసే కొన్ని రైఫిల్ మందుల్ని ఎండకీ చలికీ వేగం పెద్దగా మారకుండా రూపొందించారు, ఇప్పుడు డబ్బాలో దొరికే హెచ్4831 వాటిలో ఒకటి. చార్టులో దాని పక్కనే ఉన్న మరో మందు వేసవి మధ్యాహ్నం ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం ఆ వరస చెప్పదు, అందుకే తూకం అంకె కోసం ఆ మందు తయారీదారు అదే కేసులో, అదే బరువున్న బుల్లెట్‌తో కాల్చి అచ్చువేసిన పట్టికనే తెరవాలి, అందులో ఇచ్చిన తక్కువ తూకం నుంచే మొదలుపెట్టాలి.