బీటెక్ మధ్యలో నల్లకోటు మీద మనసు పడితే: అపోహలు - వాస్తవాలు

లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కి నోటిఫికేషన్ వచ్చిందంటే మా ఆఫీసు బల్లకి అవతల కక్షిదారులతో పాటు ఇంకో రకం మనుషులు కూడా కూర్చుంటారు. ఇంజనీరింగో బీకామో చదివే పిల్లాడు, పక్కన వాళ్ల నాన్న. "ప్లీడరు గారూ, వీడు చదువు మానేసి లా చేస్తానంటున్నాడు, మీరైనా కాస్త గడ్డి పెట్టండి" అని తండ్రి మొదలెడతాడు. నేను వద్దనే చెబుతానని ఆయన ధీమా. నా వెనక గోడకి బార్ కౌన్సిల్ సర్టిఫికెట్ పక్కనే మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా కూడా వేలాడుతోందని చూసుకోడు. అది చూశాక ఇద్దరూ ప్రశ్నలు మారుస్తారు. ఏటా వచ్చే ఆ ప్రశ్నలకి జవాబులు ఒకచోట రాసి పెడితే నాకూ గొంతు కలిసొస్తుంది.

"బీటెక్ రెండేళ్లు అయిపోయింది కదా, అయిదేళ్ల లా కోర్సులో మూడో ఏడాదిలో చేర్చుకుంటారు"

చేర్చుకోరు. పాలిటెక్నిక్ వాళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరడం చూసి ఇక్కడా అలాంటి దారేదో ఉంటుందనుకుంటారు. లాయర్లనీ లా చదువునీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్య నిబంధనల్లో 13వది ఈ తలుపు మూసేసింది. డిగ్రీ ఉన్నా సరే అయిదేళ్ల కోర్సులో మధ్యలో చేరడానికి లేదు. మూడేళ్లు చదివి బీఏ పట్టా చేతికిమ్మని అడిగి బయటికి రావడానికీ లేదు.

మరి మానేయాలా, పూర్తి చేయాలా? వేళ్ల మీద లెక్కేసుకోండి. బీటెక్ రెండేళ్లు పూర్తయి ఇప్పుడు మానేస్తే ఇంటర్ అర్హతతో అయిదేళ్ల కోర్సు, అంటే ఇంకా అయిదేళ్లు. మానకుండా మిగిలిన రెండేళ్లు చదివి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరితే రెండూ మూడూ అయిదు. కోటు వేసుకునే ఏడాది రెండు దారుల్లోనూ ఒకటే, కాకపోతే రెండో దారిలో ఇంజనీరింగ్ పట్టా కూడా మీదే. మూడేళ్ల బీఏ, బీఎస్సీ, బీకాం వాళ్లకి మొదటి ఏడాది దాటగానే ఇదే సమీకరణం. బీటెక్ మొదటి ఏడాది తర్వాత మానేసేవాడికి మాత్రం ఒక సంవత్సరం మిగులుతుంది.

ఈ లెక్క తప్పే చోటు ఒకటుంది. ఎనిమిది పది బ్యాక్‌లాగ్‌లు పోగేసుకున్నవాడికి "మిగిలిన రెండేళ్లు" అన్నది కాగితం మీద మాటే. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్ వాళ్లకి 45, ఓబీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 శాతం మార్కులుండాలి. ఈడ్చుకుంటూ పాసై 43 శాతం దగ్గర ఆగిపోయిన జనరల్ కుర్రాడు పోయినేడు నా ముందే కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు. అలాంటి వాళ్లు రెండో ఏడాదిలోనే వదిలేయడం మేలని నేనే చెబుతాను, తండ్రి మొహం ఎలా పెట్టుకున్నా.

"మానేయాలంటే కాలేజీకి నాలుగేళ్ల ఫీజూ కట్టాలి, లేదంటే సర్టిఫికెట్లు ఇవ్వరు"

ఇవ్వరన్నది నిజమే, అలా చేసే కాలేజీలు ఉన్నాయి. ఆ హక్కు వాళ్లకుందన్నది అబద్ధం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోకూడదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 అక్టోబరులోనే చెప్పింది. నోటిమాటగా అడిగితే "రేపు రా" అంటారు. అర్జీ రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. లా చదవబోయేవాడికి ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు. ముద్ర పడ్డ కాగితం చేతిలో ఉన్నవాడితో గుమాస్తా మాట్లాడే తీరే వేరు.

"లా కాలేజీకి వెళ్లక్కర్లేదు, ఉద్యోగం చేసుకుంటూ పరీక్షలు రాసేయొచ్చు"

ఈ అపోహని పోషిస్తున్నది కొన్ని కాలేజీలే. "హాజరు మేం చూసుకుంటాం సార్" అని అడ్మిషన్ రోజే చెవిలో ఊదుతారు. నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు తప్పదు. ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి ప్రకటించాలని, నిరభ్యంతర పత్రం చూపాలని 2024లో బార్ కౌన్సిల్ మళ్లీ గట్టిగా చెప్పింది. రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చని 2022లో యూజీసీ అన్నా, రెగ్యులర్ లా కోర్సుతో పాటు ఇంకో రెగ్యులర్ డిగ్రీ కుదరదు. దూరవిద్యలో చేసిన లా డిగ్రీతో అసలు ఎన్‌రోల్‌మెంటే, అంటే లాయరుగా పేరు నమోదే, రాదు.

ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీ చేసినవాళ్లు కూడా జాగ్రత్త. ఆ డిగ్రీ ఉద్యోగాలకి పనికొచ్చినా లా ప్రవేశానికి చాలదు.

"వయసు మీరిపోయింది"

మూడేళ్ల కోర్సుకి 30 ఏళ్లు, అయిదేళ్ల కోర్సుకి 20 ఏళ్లు అనే పరిమితి ఒకప్పుడు ఉండేది. 2016లో దాన్ని మళ్లీ తెస్తూ ఇచ్చిన ఉత్తర్వుని సుప్రీంకోర్టు 2017 మార్చిలో నిలిపేసింది. లాసెట్‌కి వయసు అడ్డు కాదు. మా క్లాసులో మొదటి బెంచీ రిటైరైన బ్యాంకు మేనేజరు గారిది. తనఖా కాగితాల సంగతి లెక్చరర్లే ఆయన్ని అడిగేవారు.

"ఇంగ్లిషు దంచి కొట్టాలి"

లాసెట్ పేపరు తెలుగులోనూ ఉంటుంది. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. కింది కోర్టుల్లో సాక్షి తెలుగులోనే మాట్లాడతాడు. "మా బావ గట్టు జరిపాడండీ" అన్న సాక్షి చేత, జరిపింది ఏ ఏడు, ఎన్ని మూరలు అని రాబట్టడానికి కావలసింది తెలుగే, అదీ ఊరి తెలుగు. అయితే చదవాల్సిన తీర్పులు, వేయాల్సిన పిటిషన్లు ఎక్కువగా ఇంగ్లిషువే. హైకోర్టులో వాదనా ఇంగ్లిషులోనే. మాట్లాడటం రాకపోయినా రెండేళ్లలో అలవడుతుంది. చదివి అర్థం చేసుకోవడం రాకపోతే మాత్రం కష్టం.

"ముందు చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరు"

దీనికి నా మొదటి ఏడాది సంగతే చెప్పాలి. ఇంటి స్థలం మీద ఇంజంక్షన్ దావా, అంటే అవతలివాళ్లని ఆపమని కోర్టుని కోరే దావా. స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన అడ్వొకేట్ కమిషనర్ సర్వేయరుతో వెళ్లి కొలిచి, రిపోర్టుతో పాటు ప్లాను వేశారు. ప్లానులో తూర్పు హద్దు 150 అడుగులు. నేను జూనియర్ని, ఫైలు మోసేవాణ్ని. ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోర్డు మీద రాత్రుళ్లు గీసిన చేయి కదా, ఆ గీతల నిష్పత్తి చూస్తే కంట్లో నలుసు పడ్డట్టయింది. తూర్పు గీత మిగతా వాటితో పొసగడం లేదు. పాత ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు తెప్పించి చూస్తే అక్కడా 150 అనే ఉంది, కాకపోతే సర్వే గొలుసు లింకుల్లో. వంద లింకులంటే 66 అడుగులు, కాబట్టి 150 లింకులంటే 99 అడుగులు. ఎవరో లింకుల్ని అలాగే అడుగులుగా దించేశారు. 51 అడుగుల జాగా కాగితం మీద పుట్టుకొచ్చింది.

మా సీనియర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా టీ తెప్పించారు. కమిషనర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సిన ప్రశ్నలు నన్నే రాయమన్నారు.

కంప్యూటర్ సైన్స్ పిల్లలకి ఇప్పుడు ఇంకా గిరాకీ. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఫోన్ రికార్డింగో సీసీ కెమెరా దృశ్యమో దాఖలు చేస్తే, జత చేసే సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ (ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. అదేమిటో కక్షిదారుకి చెప్పగలిగే ప్లీడర్లు మా బార్‌లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసే పేటెంట్ ఏజెంట్ పరీక్షకైతే సైన్సు, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీ పట్టా ఉండి తీరాలి, ఒట్టి లా డిగ్రీ చాలదు. సైన్సు గ్రాడ్యుయేట్, కొన్నాళ్లు తెలుగు పత్రికా విలేకరి అయిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారని తండ్రులకి గుర్తు చేస్తుంటాను. తండ్రులకి ఇలాంటి ఉదాహరణలే బాగా ఎక్కుతాయి.

"పట్టా రాగానే సంపాదన"

ఈ ఒక్క చోట నేను తండ్రుల పక్షం. పట్టా తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి. ఒకప్పుడు దీనికే వేలకి వేలు గుంజేవారు. జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష, వంద ప్రశ్నలు. నోట్సు లేని బేర్ యాక్టులు (ఒట్టి చట్టాల పుస్తకాలు) చూసి రాయొచ్చు. నేరుగా జడ్జి పరీక్ష రాసేద్దాం అనుకునేవారికి ఇంకో మాట: జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ నియమాన్ని మళ్లీ తెచ్చింది.

పూర్తికాలపు జీతగాడు ప్రాక్టీసు చేయకూడదు, కాబట్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంచుకుని సాయంత్రాలు వకీలు పని చేద్దామన్నా కుదరదు. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. సూచన మాత్రమే. జిల్లా కోర్టుల్లో అంత ఇచ్చే సీనియర్ని నేనింకా చూడలేదు. నేనూ మా జూనియర్‌కి అంత ఇవ్వడం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నాకు మొదటి నెలాఖరున అందిన కవరులో 1,500 ఉన్నాయి. పొద్దున్నే బెంచ్ క్లర్క్ దగ్గర వాయిదాలు రాసుకోవడం, సీనియర్ పై కోర్టులో ఉంటే లేచి కేసు కాసేపాగి పిలవమని పాస్‌ఓవర్ అడగడం, మధ్యాహ్నం ఈసీలూ (ఆస్తి లావాదేవీల పత్రాలు) పహాణీలూ (భూమి రికార్డులు) తిప్పడం, ఆ నెలంతా ఇదే పని. ఆటోలకే 1,800 అయ్యింది. అందుకే నా ముందు కూర్చున్న కుర్రాడిని చివర్న ఒకటే అడుగుతాను: కోటు వేసుకున్నాక మూడేళ్లు ఇంట్లో తిండికీ అద్దెకీ ఇబ్బంది లేదా అని. వాడు తండ్రి వైపు చూస్తాడు. తండ్రి మాత్రం గోడ మీది మెకానికల్ పట్టా వైపే చూస్తూ ఉంటాడు.