మంచును గుర్తుపెట్టుకున్న రాళ్లు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు వాయవ్య మూలన, స్టికీన్ నదికి దక్షిణంగా పిల్లో రిడ్జ్ అనే పొడవాటి గుట్ట ఉంది. అక్కడి రాళ్లు దిండ్లను ఒకదాని మీద ఒకటి పడేసినట్టుంటాయి. ఒక్కో దిండు పైన నల్లటి గాజు పెంకు, లోపల బూడిదరంగు బసాల్ట్, అంటే లావా చల్లారితే ఏర్పడే ఒక రాయి. లావా ఈ ఆకారం తెచ్చుకోవాలంటే నీళ్లలోకే పొంగాలి. చల్లటి నీరు తగలగానే పైపొర గాజులా గట్టిపడుతుంది. లోపలి ద్రవం ఆ పొరను చీల్చుకుని పక్కన ఇంకో బుడిపెగా ఉబ్బుతుంది. సముద్రం అడుగున ఇది మామూలే. కానీ ఇంత ఎత్తున, కొండల మీద, అంత నీరు ఎక్కడిది?

మంచు నుంచి వచ్చింది. దాదాపు 9 లక్షల ఏళ్ల కిందట ఈ చోటంతా మందమైన హిమానీనదం కింద ఉండేది. అడుగు నుంచి తన్నుకొచ్చిన లావా మంచును కరిగించి, తన చుట్టూ తానే ఒక చెరువు చేసుకుని అందులోనే చల్లారింది. తర్వాత ఆ మంచు కరిగిపోయింది, దిండ్లు మిగిలాయి. అవి ఎంత ఎత్తు వరకు ఉంటే, అప్పట్లో నీళ్లు కనీసం అంత ఎత్తున నిలిచాయని అర్థం. ఆ నీటిని పట్టి ఉంచిన మంచు దానికన్నా ఎత్తే అయివుండాలి. లేకుండా పోయిన మంచు మందాన్ని ఎప్పుడో ఆరిపోయిన లావాతో కొలవడం! భూగర్భశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి.

ఈ గుట్ట ఎడ్జిజా అగ్నిపర్వత సముదాయంలో ఒక చిన్న ముక్క మాత్రమే. రోడ్డు లేని ఈ ప్రాంతానికి కాలినడకనో, గుర్రాల మీదో, చిన్న విమానంలోనో చేరాలి. ఇక్కడ లావా పొంగడం సుమారు 75 లక్షల ఏళ్ల కిందట మొదలైంది. భూమి పైపొర ఫలకాలనే పెద్ద పలకలుగా ఉంటుంది; పశ్చిమాన పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకాన్ని ఒరుసుకుంటూ జారుతోంది. ఆ లాగుడుకి ఇక్కడి భూపటలం సాగి పగుళ్లిచ్చింది, వాటి గుండా మాగ్మా, అంటే నేల లోపలి కరిగిన రాయి, పైకి వచ్చింది. నేరుగా వచ్చినది పలచటి బసాల్టై దూరదూరాలకు పారింది. లోపలే నిలిచి, స్ఫటికాలు విడిపోయి, సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) పెరిగినది ట్రాకైట్, రయోలైట్ అనే చిక్కటి లావాలుగా మారి గోపురాలు కట్టింది. దక్షిణాన స్పెక్ట్రమ్ రేంజ్‌లో ఆ రయోలైట్ గుండా ఖనిజాలు కలిసిన వేడి నీరు పారి, కొండల్ని పసుపు, ఎరుపు, ఊదా చారలుగా మార్చేసింది. ఎడ్జిజా శిఖరం మాత్రం దాదాపు 2,790 మీటర్ల ఎత్తున నేటికీ మంచు కప్పుకునే ఉంది.

మంచుయుగం ముగిశాక కూడా లావా ఆగలేదు. ఈవ్ కోన్ అనే నల్లటి బూడిద గుట్ట నిన్న పోసినట్టు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. దానికి దగ్గర్లో, ఇలాంటి గుట్టలే చిమ్మిన బూడిద కింద విల్లో చెట్ల కొమ్మలు దొరికాయి. కార్బన్‌తో వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షలో వాటి వయసు సుమారు 1,300 ఏళ్లని తేలింది. భూమి లెక్కలో అది నిన్నటి మాటే.

అప్పటికే ఇక్కడ మనుషులు తిరుగుతున్నారు. వాళ్లను రప్పించింది అబ్సిడియన్ అనే నల్లటి అగ్నిపర్వత గాజు. సిలికా ఎక్కువగా ఉన్న చిక్కటి లావాలో, స్ఫటికాలుగా సర్దుకునే వీలు అణువులకు దొరకకముందే అది గడ్డకడుతుంది. స్ఫటికాల పొందిక లేదు కాబట్టి ఏ దిక్కుకైనా గుండ్రటి వంపుతో పగులుతుంది. నేర్పుగా కొడితే ఉక్కు కత్తి కన్నా పలచటి అంచు వస్తుంది. దానిలోని రుబీడియం, స్ట్రాన్షియం, జిర్కోనియం అనే మూలకాల పాళ్లను ఎక్స్-రేలతో కొలిస్తే ఏ కొండ గాజో చెప్పేయొచ్చు. అలస్కాలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవిలో, 10,000 ఏళ్లకు పైబడిన మానవ స్థావరంలో దొరికిన అబ్సిడియన్‌లో కొంత ఎడ్జిజాదే. అది దీవి కనుక, ఆ రాయి పడవ ఎక్కక తప్పలేదు.

ఈ నేల టాల్టన్ ప్రజలది. ఎడ్జిజా గాజును తవ్వి, చెక్కి, దూరదేశాలకు పంపింది వాళ్ల పూర్వీకులే. 2019లో పురాతత్వవేత్తలు ఆ గాజు గనుల పరిసరాల్లో కరిగిపోతున్న మంచు అంచుల వెంట వెతికారు. చెక్కినప్పుడు రాలిన పెచ్చులు నేల మీద రాశులుగా ఉన్నాయి. వాటితో పాటు మంచు వదిలేసిన బెరడు బుట్ట, కొయ్య పనిముట్లు, తోలుతో కుట్టిన పాదరక్ష ఒకటి దొరికాయి.