కాలేజీ దారి ఎవరికి? టీచర్ల శిక్షణ చుట్టూ అల్లుకున్న అపోహలు - వాస్తవాలు

టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ముఖ్యంగా హైస్కూల్ పిల్లల్ని కాలేజీ చదువుకు తయారుచేసే టీచర్లతో, కౌన్సెలర్లతో కలిసి పనిచేస్తాను. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ మెట్లెక్కని పిల్లలకు ఆ దారి చూపించేది చాలాసార్లు స్కూలొక్కటే. ఆ స్కూల్లోనే పెద్దవాళ్ళ మనసుల్లో నాటుకుపోయిన కొన్ని నమ్మకాలు ఆ పిల్లలకే అడ్డం పడుతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాదు. నేను తరచూ వినేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: ఎవరు కాలేజీ దాకా వెళ్తారో క్లాసులో చూస్తేనే తెలిసిపోతుంది.

"వీడు చదువుతాడండీ." "ఆ అమ్మాయికి అంత లేదు లెండి." స్టాఫ్‌రూమ్‌లో ఈ మాటలు చాలా మామూలుగా వినిపిస్తాయి. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఏళ్ళ తరబడి పిల్లల మధ్య ఉన్నవాళ్ళే. కాకపోతే చటుక్కున కంటికి ఆనేది చేయెత్తే పిల్లాడు, ముత్యాల్లాంటి అక్షరాలతో హోమ్‌వర్క్ చేసుకొచ్చే అమ్మాయి, మీటింగ్‌కి వచ్చి నాలుగు ప్రశ్నలడిగే తల్లిదండ్రులు.

వాస్తవం: టీచర్ సిఫారసు మీదే ఆధారపడితే మంచి పిల్లలు చాలామంది లెక్కలోకి రారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ కలిపి నడిపే వ్యవస్థ) ప్రతిభావంతుల క్లాసులకు పిల్లల్ని టీచర్లు, తల్లిదండ్రులు చెప్పినదాన్ని బట్టే తీసుకునేవాళ్ళు. 2005లో ఆ పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టారు. అర్హత ప్రమాణాలు ఏమాత్రం తగ్గించలేదు. అయినా పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు ఆ క్లాసుల్లోకి రావడం బాగా పెరిగింది. తర్వాత నిధుల కొరతతో ఆ పరీక్ష ఆపేస్తే పాత తేడాలు మళ్ళీ మొదటికొచ్చాయి. పిల్లలు ముందూ అక్కడే ఉన్నారు, తర్వాతా అక్కడే ఉన్నారు. వెతికే పద్ధతి ఉన్నన్నాళ్ళే కనబడ్డారు.

మిషిగన్ రాష్ట్రం 2007లో కాలేజీ ఎంట్రన్స్ పరీక్షను పదకొండో తరగతి పిల్లలందరితో బడి వేళల్లోనే, ఉచితంగా రాయించడం మొదలుపెట్టింది. అప్పుడు బయటపడిన సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పేద కుటుంబాల నుంచి పదిమంది కాలేజీకి సరిపడా మార్కులు తెచ్చుకుంటుంటే, అంతే సత్తా ఉండీ అసలు పరీక్షకే కూర్చోనివాళ్ళు ఇంకో అయిదుగురు దాకా ఉన్నారు.

అందుకే ట్రైనింగ్‌లో మొదట ఒక పని చేయిస్తాను. పై స్థాయి క్లాసుకు పంపిన పిల్లల పేర్ల పక్కన, ఆ ఏడాది మార్కుల జాబితా పెట్టి చూడమంటాను. మార్కులుండి కూడా ఎవరూ పేరు రాయని పిల్లలు కనిపించినప్పుడు, "అయ్యో, ఈ పిల్ల చివరి బెంచీలో కూర్చుంటుంది, నోరెత్తదు" అంటూ టీచర్లే గుర్తుపడతారు. అక్కడ నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరమే రాదు.

అపోహ: వెనకబడిన పిల్లలకు ముందు బేసిక్స్ పూర్తి చేయించాలి, కష్టమైనవి ఆ తర్వాతే.

వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది కాబట్టే దీన్ని వదిలించడం అన్నిటికన్నా కష్టం.

వాస్తవం: 1970ల మధ్యలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఒక సందేహం వచ్చింది. కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకంత ఎక్కువగా ఫెయిలవుతున్నారు? అక్కడి అధ్యాపకుల్ని అడిగితే పట్టుదల లేదన్నారు, స్కూల్ చదువు సరిగా లేదన్నారు, ఇంట్లో ప్రోత్సాహం లేదన్నారు. ఆయన ఆ పిల్లల వెంటే ఉండి వాళ్ళెలా చదువుతున్నారో గమనించాడు. చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలబడలేదు. కుటుంబాలు ఎంతో ఆశతో పంపినవాళ్ళే, వారానికి ఇన్ని గంటలని క్రమం తప్పకుండా చదువుతున్నవాళ్ళే. తేడా ఒకచోట కనిపించింది. వాళ్ళలో దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. బాగా రాణిస్తున్న చైనా మూలాల విద్యార్థులు మాత్రం ఒంటరిగా కొంత చదివాక ఒకచోట చేరి, జవాబులు సరిచూసుకుని, తప్పెక్కడుందో తేల్చుకుంటున్నారు.

ఆయన తర్వాత చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. వాళ్ళకు రెమెడియల్ క్లాసులు, అంటే వెనకబడినవాళ్ళకు పాతవే మళ్ళీ చెప్పే క్లాసులు, పెట్టలేదు. చిన్న చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి, మామూలు క్లాసులో ఇచ్చేవాటికన్నా కష్టమైన లెక్కలిచ్చాడు. ఫలితాలు ఎంత బాగా మారాయంటే, ఆ పద్ధతిని తర్వాత ఎన్నో కాలేజీలు తీసుకున్నాయి.

మరి బేసిక్స్ సంగతేంటి అని అడుగుతారు, అడగాలి కూడా. ఒక లెక్క చూడండి. ఒక కుళాయి ట్యాంకును 3 గంటల్లో నింపుతుంది, ఇంకోటి 6 గంటల్లో నింపుతుంది. రెండూ కలిపి తెరిస్తే ఎంతసేపు పడుతుంది? క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా "నాలుగున్నర గంటలు" అంటారు. అప్పుడు "తప్పు" అని కొట్టేయకండి. "మొదటి కుళాయి ఒక్కటే 3 గంటల్లో నింపుతుంటే, దానికి ఇంకోటి తోడొచ్చాక ఎక్కువసేపు పడుతుందా?" అని అడిగి ఆగండి. పిల్లలు వాళ్ళలో వాళ్ళే తర్జనభర్జన పడి, గంటలో మొదటిది ట్యాంకులో మూడో వంతు, రెండోది ఆరో వంతు నింపుతుందనే చోటికి వస్తారు. భిన్నాలు కూడాల్సిన అవసరం అక్కడే పడుతుంది. కూడితే సగం, అంటే మొత్తానికి 2 గంటలు. భిన్నాల కూడిక రాని పిల్లాడికి దాన్ని నేర్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. వాడికి అది ఇప్పుడు కావాలి. అదే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టి నెలంతా భిన్నాల వర్క్‌షీట్లే చేయిస్తే, ఈలోగా క్లాసు ఎక్కడికో వెళ్ళిపోతుంది, వాడెప్పటికీ అందుకోలేడు.

అపోహ: ఒక మంచి వర్క్‌షాప్ పెడితే టీచర్లు మారిపోతారు.

వాస్తవం: టీచర్ల శిక్షణ మీద అప్పటిదాకా వచ్చిన 1300కు పైగా అధ్యయనాలను 2007లో అమెరికాలో జల్లెడ పడితే, గట్టి ఆధారాలతో నిలిచినవి 9 మాత్రమే. వాటిలో 14 గంటలకు మించి సాగిన శిక్షణల్లోనే పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. గంటలు లెక్కపెట్టి పూర్తిచేస్తే చాలని నేననడం లేదు. 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, క్లాసులోకి వచ్చి చూసి, మళ్ళీ కూర్చుని మాట్లాడే కోచింగ్ వల్ల బోధన బాగా మెరుగుపడుతుందని, పిల్లల మార్కులూ కొంత పెరుగుతాయని తేలింది. అదే పనిని పెద్ద ఎత్తున, వందలమంది టీచర్లకు చేయబోతే ఫలితం పలచబడిపోతోంది.

నేను క్లాసులోకి వెళ్ళినప్పుడు ఒక్క విషయమే పట్టుకుంటాను. ఉదాహరణకు, ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగుతున్నారన్నది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలోనే దీన్ని కొలిచి చూపించింది. మామూలుగా టీచర్లు ఒక్క సెకను ఆగి, జవాబు రాకపోతే వేరొకర్ని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, అంతవరకూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు. చదివితే ఇది చాలా తేలిక. నలభైమంది ముందు నిలబడి, ఆ నిశ్శబ్దంలో నోరు కట్టుకోవడం ఎంత టెన్షనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. స్లైడ్ చూపించి "ఆగండి" అంటే రాదు. ఒకరు వెనక కూర్చుని చూసి, ఆ సాయంత్రమే "మూడో ప్రశ్న దగ్గర ఆగారు, అప్పుడే ఆ కిటికీ పక్క అబ్బాయి జవాబిచ్చాడు" అని చెప్తే వస్తుంది.

అపోహ: సీనియర్ టీచర్లకు శిక్షణ అవసరం లేదు.

వాస్తవం: జపాన్ బడుల్లో వందేళ్ళకు పైగా ఒక పద్ధతి నడుస్తోంది. కొత్తవాళ్ళూ సీనియర్లూ కలిసి ఒకే పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు చెప్తుంటే మిగతావాళ్ళు పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తారు. తర్వాత పాఠం గురించే చర్చ, టీచర్ గురించి కాదు. ఆ గదిలో ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

అపోహ: సమాచారం అందిస్తే చాలు, మిగతాది పిల్లలు చూసుకుంటారు.

వాస్తవం: 2008లో అమెరికాలోని ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ఒక ప్రయోగం చేశారు. ఆదాయపన్ను లెక్కలు చేయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి, అక్కడికక్కడే కాలేజీ ఆర్థికసాయం ఫారం కూడా నింపి పెట్టారు. పట్టింది నిమిషాలే. ఆ కుటుంబాల పిల్లల్లో తర్వాతి మూడేళ్ళలో రెండేళ్ళ కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్ళు 36 శాతం; ఆ సాయం అందని కుటుంబాల పిల్లల్లో 28 శాతమే. ఇంకొన్ని కుటుంబాలకు ఎంత సాయం వస్తుందో వివరంగా చెప్పి, ఫారం మాత్రం వాళ్ళకే వదిలేశారు. వాళ్ళ విషయంలో ఏ మార్పూ రాలేదు.

కాబట్టి గోడ మీద పోస్టర్, అవగాహన సదస్సు, వాట్సాప్‌లో లింకు, వీటితో పని అయిపోయిందనుకోవద్దు. టైమ్‌టేబుల్‌లో ఒక పీరియడ్ తీసి, ఆ పీరియడ్‌లో ఫారాలు నింపించండి. ఏ పత్రాలు కావాలో ముందు వారమే రాసి ఇంటికి పంపండి. ఇంగ్లిష్ టీచర్ వ్యాసాలు చూస్తే, లెక్కల టీచర్ ఫీజు లెక్కలు చూడొచ్చు. అయితే ఇది కూడా టీచర్లకు నేర్పాల్సిన పనే. చాలామంది కాలేజీలో చేరి ఏళ్ళు గడిచాయి, ఇప్పటి అప్లికేషన్ ఎలా ఉంటుందో వాళ్ళూ చూసి ఉండరు.

సీటు వచ్చాక కూడా జాగ్రత్త పడాలి. అమెరికాలో కాలేజీలో చేరతామని తేల్చుకున్న పిల్లల్లో 10 నుంచి 20 శాతం మంది వేసవి సెలవుల తర్వాత అసలు క్లాసులకే రావడం లేదని పరిశోధకులు చూపించారు. హాస్టల్ ఫారమో, ఫీజు గడువో, అర్థంకాని ఒక ఉత్తరమో వాళ్ళను ఆపేస్తుంది. అడుగుదామంటే స్కూల్ మూసి ఉంటుంది, కాలేజీలో ఇంకా ఎవరూ పరిచయం ఉండరు. ఆ సెలవుల్లో పిల్లల ఫోన్ ఎవరు ఎత్తాలో, ఆ పనికి వాళ్ళకు ఇచ్చే జీతం ఏ పద్దు నుంచో, ఆఖరి పరీక్షలు మొదలయ్యేలోపే స్కూల్లో రాసుకుని పెట్టుకోవాలి.