రక్తం సరిపడటం అంటే అసలు ఏమిటి?

ఓ గ్రూపు వారు ఎవరికైనా రక్తం ఇవ్వవచ్చు, ఎబి గ్రూపు వారు ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు అన్న సూత్రాన్ని బడిలో చదువుకోని వారు అరుదు. పరీక్షలో మార్కులకు అది చాలు. రక్తనిధిలో పనిచేసేవారు మాత్రం ఆ ఒక్క సూత్రాన్ని నమ్ముకుని రక్తపు సంచిని బయటికి పంపరు. ఎక్కించేది ఎర్రకణాలా, ప్లాస్మానా (రక్తంలోని ద్రవభాగమా) అన్నదాన్ని బట్టి ఆ సూత్రం తలకిందులవుతుంది. గ్రహీత గతంలో ఎన్నిసార్లు రక్తం ఎక్కించుకున్నారు, ఎన్నిసార్లు గర్భం దాల్చారు అన్నదాన్ని బట్టి ఒకే గ్రూపు రక్తం కూడా సరిపడకపోవచ్చు. దాత ఎర్రకణాల పైపొర మీద ఏమున్నది, గ్రహీత ప్లాస్మాలో అప్పటికే ఏ యాంటీబాడీలు (పరాయివాటిని పట్టుకునే రక్షణ ప్రోటీన్లు) తిరుగుతున్నాయి అన్న రెండు విషయాలూ కలిస్తేనే జవాబు తేలుతుంది.

ఈ సంగతి తెలియని రోజుల్లో రక్తం ఎక్కించడం జూదమే. 1667లో ఫ్రాన్స్‌లో ఝాన్ బాప్తిస్త్ డెనీ అనే వైద్యుడు జ్వరంతో నీరసించిన ఒక బాలుడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. ఎక్కించినది బహుశా చాలా కొద్దిగా కావడం వల్ల ఆ బాలుడు బతికి బయటపడ్డాడు. తర్వాత మరో రోగి మరణించడంతో వివాదం చెలరేగి ఆ ప్రయత్నాలు ఆగిపోయాయి. దాదాపు 150 ఏళ్ల తర్వాత, 1818లో, లండన్‌లో జేమ్స్ బ్లండెల్ మనిషికి మనిషి రక్తాన్నే ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు, తేడా ఎక్కడున్నదో ఎవరికీ అంతుపట్టలేదు.

వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1900 ప్రాంతంలో చేసిన పని చూడటానికి చాలా చిన్నది. తన రక్తాన్నీ, ప్రయోగశాలలోని సహచరుల రక్తాన్నీ తీసుకుని, కణాలను, సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) వేరుచేసి, ఒకరి సీరంలో మరొకరి కణాలను వరుసగా కలిపి చూశాడు. కొన్ని జతల్లో కణాలు విడివిడిగా తేలుతూ ఉండిపోయాయి, కొన్నింటిలో గుంపులుగా అతుక్కుపోయాయి. అలా గుమిగూడటాన్ని అంతకు ముందు చూసినవారు రోగ లక్షణమనుకున్నారు. ఆరోగ్యవంతుల రక్తాల మధ్యే అది జరుగుతుందనీ, అందులో ఒక క్రమం ఉన్నదనీ పసిగట్టడంలోనే ఆయన ప్రతిభ ఉన్నది. 1901లో ప్రచురించిన వ్యాసంలో మూడు గ్రూపులు కనిపిస్తాయి. ఎబి అనే నాలుగోదాన్ని మరుసటి ఏడాది ఆయన సహచరులు గుర్తించారు. నోబెల్ బహుమతి రావడానికి మాత్రం 1930 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ గుంపులు కట్టడానికి కారణం ఎర్రకణాల ఉపరితలం మీద మొలకల్లా పొడుచుకు వచ్చిన చక్కెర గొలుసులు. దాదాపు అందరిలోనూ ఉండే మూల గొలుసును హెచ్ యాంటీజెన్ అంటారు (యాంటీబాడీ పట్టుకునే గుర్తును యాంటీజెన్ అంటారు). ఎ గ్రూపు వారిలో ఒక ఎంజైము దాని చివర ఎన్-ఎసిటైల్‌గెలాక్టోజమైన్ అనే చక్కెరను తగిలిస్తుంది. బి గ్రూపు వారిలోని ఎంజైము అదే చోట గెలాక్టోజ్‌ను తగిలిస్తుంది. ఎబి వారిలో రెండు ఎంజైములూ పనిచేస్తాయి. ఓ వారిలో ఏదీ పనిచేయదు కనుక హెచ్ గొలుసు ఉన్నది ఉన్నట్టుగానే మిగిలిపోతుంది. ఈ ఎంజైములను నిర్దేశించే జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. ఎ, బి ఎంజైముల మధ్య తేడా నాలుగు అమైనో ఆమ్లాలే. ఓ గ్రూపుకు కారణమైన రూపాల్లో అతి సాధారణమైనదానిలో ఒకే ఒక్క డిఎన్‌ఎ అక్షరం జారిపోయి, తర్వాతి సందేశమంతా చెడి, ఎంజైము పనికిరాకుండా పోతుంది. ప్రాణాల మీదికి తెచ్చే తేడా ఇంత చిన్న మార్పు మీద నిలబడి ఉండటం ఎన్నిసార్లు తలచుకున్నా వింతగానే ఉంటుంది.

తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి కనుక ఎ గ్రూపు దంపతులకు ఓ గ్రూపు బిడ్డ పుట్టడం పూర్తిగా సహజం. ఇద్దరిలోనూ ఓ ప్రతి మరుగున ఉంటే చాలు. మామూలుగా ఎబి గ్రూపు వ్యక్తికి ఓ గ్రూపు బిడ్డ పుట్టకూడదు. ఈ లెక్కలో తేడా కనబడితే కుటుంబాల్లో అనుమానాలు తలెత్తుతుంటాయి కానీ, అరుదైన జన్యు మినహాయింపులు ఉన్నాయి కనుక కేవలం రక్తపు గ్రూపును పట్టుకుని ఎవరి పితృత్వాన్నీ తేల్చరాదు.

ఇక యాంటీబాడీల సంగతి. సాధారణంగా ఒక సూక్ష్మజీవి సోకితేనో, టీకా వేయించుకుంటేనో దానికి తగిన యాంటీబాడీలు తయారవుతాయి. అయితే ఎ గ్రూపు వ్యక్తి జన్మలో బి రక్తాన్ని చూడకపోయినా, ఆ వ్యక్తి ప్లాస్మాలో యాంటీ-బి సిద్ధంగా ఉంటుంది. పేగుల్లోని బాక్టీరియాల ఉపరితలం మీద ఎ, బి చక్కెరలను పోలిన చక్కెరలు ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని చూసి, తన సొంత కణాల మీద లేనివాటికి ఎదురుగా యాంటీబాడీలను తయారు చేసుకుంటుందని శాస్త్రజ్ఞుల వివరణ. పుట్టిన బిడ్డలో ఇవి ఉండవు, మూడు నుంచి ఆరు నెలల వయసులో కనబడటం మొదలవుతాయి. వీటిలో ఎక్కువ భాగం ఐజిఎం రకానికి చెందినవి. ఒక్కో అణువుకు పది పట్టు స్థానాలు ఉంటాయి కనుక కణాలను ఒకదానికొకటి తేలిగ్గా ముడివేయగలవు, కణాలకు చిల్లులు పెట్టే కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రోటీన్లను రేపగలవు. అలా రేగిన ప్రోటీన్లు ఎక్కించిన కణాలను రక్తనాళాల్లోనే పగలగొడతాయి. బయటికి చిందిన హిమోగ్లోబిన్ మూత్రాన్ని ఎరుపెక్కిస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పడిపోతుంది, గడ్డకట్టే వ్యవస్థ అదుపు తప్పుతుంది. పొరపాటున ఎక్కినది సంచిలో కొద్ది భాగమే అయినా ఇదంతా మొదలు కావచ్చు.

బడిలో నేర్చిన సూత్రం ఇక్కడి నుంచే పుట్టింది. ఓ కణాల మీద ఎ, బి చక్కెరలు రెండూ లేవు కనుక యాంటీ-ఎ గానీ, యాంటీ-బి గానీ వాటిని పట్టుకోలేవు. ఎబి గ్రహీత ప్లాస్మాలో యాంటీ-ఎ, యాంటీ-బి రెండూ లేవు కనుక ఏ కణాలైనా అక్కడ ఇమిడిపోతాయి. ఇదంతా ఎర్రకణాలకే వర్తిస్తుంది. ప్లాస్మా ఎక్కించేటప్పుడు యాంటీబాడీలు దాతవి, కణాలు గ్రహీతవి. అందువల్ల ప్లాస్మా విషయంలో ఎబి వారే సార్వత్రిక దాతలు. ఓ వారి ప్లాస్మాను ఓ గ్రహీతలకే ఇవ్వాలి. ఇప్పుడు సేకరించిన రక్తాన్ని సాధారణంగా ఎర్రకణాలుగా, ప్లాస్మాగా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు కనుక ఒక దాత ఇచ్చిన సంచి ముగ్గురికి మూడు వేర్వేరు నియమాల ప్రకారం చేరవచ్చు. మన పాఠ్యపుస్తకాలు ఈ రెండో సగాన్ని ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు.

పాజిటివ్, నెగటివ్ అన్న మాటలు మరో వ్యవస్థకు సంబంధించినవి. ఆర్‌హెచ్ వ్యవస్థలో అన్నిటికన్నా ముఖ్యమైన డి యాంటీజెన్ చక్కెర కాదు, కణపొరలో ఇమిడి ఉండే ప్రోటీన్. అది ఉంటే పాజిటివ్, లేకుంటే నెగటివ్. ఎబిఓ యాంటీబాడీల్లా యాంటీ-డి పుట్టిన కొన్ని నెలలకు దానంతటదే తయారు కాదు. నెగటివ్ వ్యక్తి శరీరంలోకి పాజిటివ్ కణాలు ప్రవేశిస్తేనే పుడుతుంది. అందుకే మొదటిసారి పొరపాటు జరిగినా పైకి ఏమీ కనబడకపోవచ్చు. అసలు ముప్పు రెండోసారి పొంచి ఉంటుంది. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుట్టినప్పుడు, కాన్పు సమయంలో బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో చేరి ఆమెలో యాంటీ-డిని పుట్టించగలవు. ఈ యాంటీబాడీ ఐజిజి అనే మరో రకానిది కనుక మాయను (ప్లాసెంటాను) దాటుతుంది. తర్వాతి గర్భంలో బిడ్డ పాజిటివ్ అయితే దాని ఎర్రకణాలను నాశనం చేసి, రక్తహీనతను, తీవ్రమైన కామెర్లను తెస్తుంది.

1960ల చివర్లో దీనికి మందు వచ్చింది. తల్లి రోగనిరోధక వ్యవస్థ మేల్కొనక ముందే బయటి నుంచి కొద్దిగా యాంటీ-డిని ఇంజెక్షన్‌గా ఇస్తారు. గర్భం 28 వారాల సమయంలో ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల లోపు మరోసారి ఇవ్వడం విస్తృతంగా పాటించే పద్ధతి. ఆ మందు దాతల ప్లాస్మా నుంచే తయారవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ పద్నాలుగేళ్ల వయసులో ఛాతీ శస్త్రచికిత్స కోసం ఎంతో రక్తం ఎక్కించుకున్నారు. తర్వాత ఆయన ప్లాస్మాలో శక్తిమంతమైన యాంటీ-డి ఉన్నట్టు తేలింది. 2018లో 81 ఏళ్ల వయసులో ఆపేవరకు ఆయన 1,100కు పైగా సార్లు రక్తం లేదా ప్లాస్మా ఇచ్చారు. బిడ్డలకు ప్రాణగండమైన యాంటీబాడీయే ఇక్కడ వారిని కాపాడే మందయింది.

రక్తనిధిలో పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. తెల్లని పలక మీద రోగి రక్తాన్ని మూడు చోట్ల వేసి, ఒకచోట నీలి రంగు యాంటీ-ఎ, ఒకచోట పసుపు రంగు యాంటీ-బి, మరోచోట రంగులేని యాంటీ-డి చుక్కలు కలుపుతారు. పలకను మెల్లగా అటూ ఇటూ ఊపుతుంటే, యాంటీజెన్ ఉన్న చోట ఎర్రటి ద్రవం ఇసుక రేణువుల్లా విడిపోయి కనబడుతుంది. లేని చోట నునుపుగానే ఉంటుంది. ఇది సగం పని. మిగతా సగంలో రోగి ప్లాస్మాను తీసుకుని, గ్రూపు ముందే తెలిసిన ఎ, బి కణాలతో కలిపి, రెండు ఫలితాలూ పొసగుతున్నాయో లేదో చూస్తారు. పొసగకపోతే కారణం తేలేదాకా గ్రూపును ప్రకటించరు. చివరికి క్రాస్ మ్యాచింగ్ ఉంటుంది. ఎక్కించబోయే సంచికి అంటిపెట్టుకుని ఉన్న గొట్టంలోంచి దాత కణాలను తీసి, రోగి ప్లాస్మాతో కలిపి 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. ఐజిజి యాంటీబాడీలు కణాలకు అంటుకున్నా వాటిని తమంతట తాము ముడివేయలేవు కనుక, కణాలను కడిగి, 1945లో కూంబ్స్ బృందం వివరించిన పద్ధతి ప్రకారం మరో యాంటీబాడీని చేరుస్తారు. అప్పుడు గుంపులు కడితే ఆ సంచి ఆ రోగికి పనికిరాదు, గ్రూపు ఎంత కచ్చితంగా కలిసినా సరే.

అలా తిరస్కరించడానికి కారణమయ్యే వ్యవస్థలు చాలానే ఉన్నాయి. ఎబిఓ, ఆర్‌హెచ్‌లతో కలిపి ఇప్పటికి నలభైకి పైగా రక్తపు గ్రూపు వ్యవస్థలు గుర్తింపు పొందాయి. కెల్, కిడ్, డఫీ అనేవి వైద్యులు తరచూ ఎదుర్కొనేవి. కిడ్ యాంటీబాడీలది మోసపూరితమైన స్వభావం. కొన్ని నెలల్లో పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి, మళ్లీ ఆ కణాలు ఎదురుపడగానే విజృంభిస్తాయి. అందువల్ల క్రాస్ మ్యాచింగ్‌లో దోషం కనబడని రక్తం కూడా వారం పది రోజుల తర్వాత కరిగిపోవచ్చు. పాత నివేదికలను భద్రపరచుకోవాలని వైద్యులు చెప్పేది ఇందుకే. తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యు వ్యాధి) రోగులు జీవితమంతా రక్తం ఎక్కించుకుంటారు కనుక వారికి ఆర్‌హెచ్‌లోని ఇతర యాంటీజెన్లు, కెల్ కూడా సరిచూసి ఇవ్వడం మేలు.

అరుదైనవాటిలో బొంబాయి గ్రూపు ప్రత్యేకమైనది. 1952లో బొంబాయిలో వై. ఎం. భెండే బృందం దీన్ని మొదట వివరించింది. ఈ గ్రూపు వారిలో మూల గొలుసైన హెచ్ కూడా తయారు కాదు. కణాలను మాత్రమే పరీక్షిస్తే ఓ గ్రూపుగా కనబడతారు. ప్లాస్మాలో మాత్రం శక్తిమంతమైన యాంటీ-హెచ్ ఉంటుంది కనుక, అందరికీ సరిపడుతుందనుకునే ఓ రక్తమే వీరి పాలిట ప్రమాదం. బొంబాయి గ్రూపు వారికి బొంబాయి గ్రూపు రక్తమే ఎక్కించాలి.

దగ్గరి బంధువుల రక్తమైతే క్షేమమన్న నమ్మకం కూడా నిలవదు. కణజాల గుర్తులు పోలి ఉండటం వల్ల, బంధువు రక్తంలోని తెల్లకణాలను గ్రహీత శరీరం పరాయివిగా పోల్చుకోలేకపోవచ్చు. అవి అక్కడే స్థిరపడి గ్రహీత కణజాలం మీద దాడి చేస్తే ప్రాణాపాయం. అది అరుదే అయినా, బంధువుల రక్తానికి ముందుగా వికిరణం ఇచ్చి ఆ తెల్లకణాలు వృద్ధి చెందకుండా చేస్తారు.

ఉన్న రక్తాన్నే కావలసిన గ్రూపులోకి మార్చే ప్రయత్నాలు కూడా పాతవే. 1980ల్లో జాక్ గోల్డ్‌స్టైన్ బృందం కాఫీ గింజల నుంచి తీసిన ఎంజైముతో బి కణాల చివరి గెలాక్టోజ్‌ను కత్తిరించి, వాటిని ఓ కణాల్లా మార్చగలిగింది. 2019లో కెనడా పరిశోధకులు మనిషి పేగుల్లోని బాక్టీరియాలో ఎ చక్కెరను సమర్థంగా తొలగించే ఎంజైముల జంటను కనుగొన్నారు. ఇంకా అది వైద్యశాలల్లో రోజువారీ వాడకానికి రాలేదు. వచ్చినా, చక్కెరలను కత్తిరించే ఎంజైములు ప్రోటీన్ అయిన డి యాంటీజెన్ జోలికి పోవు కనుక, ఎ పాజిటివ్ సంచి ఓ పాజిటివ్ అవుతుందే తప్ప ఓ నెగటివ్ కాదు.