మ్యాజిక్ కింగ్‌డమ్ తెరవెనుక: సొరంగంలో తలెత్తి చూడండి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు అమ్మానాన్నలు తప్పకుండా చూసొచ్చే ఊళ్లలో ఫ్లోరిడాలోని ఆర్లాండో ఒకటి. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులున్నా ఎక్కువమంది ముందు వెళ్లేది మ్యాజిక్ కింగ్‌డమ్‌కే. కోట ముందు ఫొటో దిగి, రైడ్లెక్కి, రాత్రి బాణసంచా చూసి తిరిగొస్తారు. అదే పార్కు లోపలి గుట్టు చూపించే ‘కీస్ టు ద కింగ్‌డమ్’ అనే టూర్ ఉందని చాలామందికి తెలియదు. ఇంజినీరింగ్ మీద ఏ కాస్త ఆసక్తి ఉన్నా, రెండు రైడ్లు వదులుకుని అయినా వెళ్లదగిన టూర్ అది.

ముందు షరతులు. టూర్ దాదాపు ఐదు గంటలు నడుస్తుంది, అందులో ఎక్కువ భాగం నడకే. 16 ఏళ్లు నిండనివారిని రానివ్వరు, కాబట్టి వయసు తెలిపే ఫొటో గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. మన దేశం నుంచి వెళ్లినవారికి పాస్‌పోర్టు ఉంటే సరిపోతుంది. మధ్యాహ్న భోజనం టూర్ రుసుములోనే కలిసి ఉంటుంది. పార్కు ప్రవేశ టికెట్టు మాత్రం విడిగా కొనాల్సిందే. ఈ సంగతి గమనించక గేటు దగ్గర రెండోసారి డబ్బు కట్టాల్సి వస్తే ఆ రోజు ఖర్చు లెక్క తారుమారవుతుంది. బుకింగ్ చేసేటప్పుడే శాకాహారులమని, గుడ్డు కూడా తినమని చెప్పేయడం మేలు. అక్కడ ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు, చీజు ఉండొచ్చనే లెక్క.

తెరవెనుక భాగంలో ఫొటోలు, వీడియోలు బొత్తిగా నిషేధం. ఫోను జేబులోంచి తీసినా గైడు వారిస్తారు. వయసు నిబంధనకూ, ఈ నిషేధానికీ కారణం ఒక్కటే. పిల్లలు నిజమని నమ్మే పాత్రల వేషాలు లోపల విప్పి కనిపించవచ్చు. డిస్నీ సిబ్బంది పార్కు వీధులను ‘ఆన్‌స్టేజ్’ అనీ, వెనక భాగాన్ని ‘బ్యాక్‌స్టేజ్’ అనీ, ఉద్యోగులను ‘కాస్ట్ మెంబర్లు’ అనీ అంటారు. పార్కును నాటకశాలలా నడపడం వాళ్ల పద్ధతి. ఆ మాటలు మొదటి అరగంటలో అలవాటైతే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

అందరూ ఎదురుచూసేది సొరంగాల కోసం. వాటిని ‘యుటిలిడార్లు’ అంటారు. తలుపు తీసుకుని మెట్లు దిగుతారు కాబట్టి భూమి లోపలికి వెళ్తున్నామనే అనిపిస్తుంది. నిజానికి మీరు దిగేది నేలమట్టానికే! మధ్య ఫ్లోరిడా చిత్తడి నేల, కొంచెం తవ్వగానే నీళ్లు పడతాయి. అక్కడ లోతుగా తవ్వి ఇంత పెద్ద సొరంగం కడితే, దాన్ని కట్టడం ఒక ఎత్తు, ఊట రాకుండా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. పైగా నీరు నిండిన నేలలో ఖాళీ కాంక్రీటు పెట్టెను పాతితే కింది నుంచి నీరు దాన్ని పైకి తంతుంది. అందుకని ఇంజినీర్లు తవ్వడం మానేసి, ఉన్న నేల మీదే సొరంగాలు కట్టారు. పార్కు ముందు సెవెన్ సీస్ లగూన్ అనే కృత్రిమ సరస్సు తవ్వగా వచ్చిన మట్టిని తెచ్చి వాటి చుట్టూ, పైనా పోశారు. 1971 అక్టోబరు 1న పార్కు తెరిచేనాటికి ఇవి సిద్ధంగా ఉన్నాయి. అంటే సందర్శకులు నడిచే వీధులు, ఎక్కే రైడ్లు, కోట అన్నీ రెండో అంతస్తులో ఉన్నట్టు లెక్క. మెయిన్ స్ట్రీట్ నుంచి కోటవైపు నడుస్తుంటే నేల ఎత్తు పెరుగుతోందని పాదాలకు తెలియదు. వాలును అంత నెమ్మదిగా పరిచారు.

ఈ సొరంగాల ఆలోచనకు మూలం కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన డిస్నీల్యాండ్. అక్కడ కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి ఒకరు తన చోటికి చేరుకోవడానికి భవిష్యత్ ప్రపంచంగా తీర్చిన టుమారోల్యాండ్ మీదుగా నడిచి వెళ్తుండగా వాల్ట్ డిస్నీ కంటపడ్డాడనీ, అది ఆయనకు మింగుడుపడలేదనీ చెబుతారు. గైడు కూడా ఈ కథే చెబుతారు. వేషాల సంగతి అలా ఉంచితే, సరుకులు, చెత్త, సిబ్బంది, కరెంటు, నీళ్లు అన్నీ జనం నడిచే దారికి అడ్డు రాకుండా పోవాలన్నదే అసలు అవసరం. సొరంగాల విస్తీర్ణం సుమారు 9 ఎకరాలు. పైన పార్కులోని ఏ విభాగం (వాళ్ల భాషలో ‘ల్యాండ్’) కింద ఉన్నామో తెలిసేలా గోడలకు రంగులు, దారి చూపే బోర్డులు ఉంటాయి. లోపల తిరిగేవి బ్యాటరీ బండ్లు. మూసి ఉన్న చోట పెట్రోలు పొగ నిలిస్తే ప్రమాదం కాబట్టి ఇంజిను బండ్లను మామూలుగా రానివ్వరు. మీరు గోడ వారగా నడవాలి. బ్యాటరీ బండి చప్పుడు చేయదు, మూల తిరిగాక గానీ కనబడదు.

చాలామంది ఇక్కడ దుస్తుల కోసం, పాత్రధారుల కోసం వెతుక్కుంటారు. నన్నడిగితే తలెత్తి పైకప్పు చూడమంటాను. ఈ సొరంగాల విలువంతా అక్కడ వేలాడే గొట్టాల్లో ఉంది. చల్లటి నీళ్లవి, వేడి నీళ్లవి, కంప్రెస్డ్ ఎయిర్‌వి, కరెంటు కేబుళ్లవి, సమాచార తీగలవి అన్నీ ఒకే వరసలో పోతుంటాయి. ఎక్కడైనా మరమ్మతు వస్తే వీధి తవ్వక్కర్లేదు, నిచ్చెన వేసుకుంటే చాలు. ఏటా రోడ్డు వేసి నెల తిరక్కుండానే పైపు కోసం తవ్వే మన ఊళ్ల నుంచి వెళ్లినవారు కాసేపు అక్కడే నిలబడిపోతారు.

చల్లటి నీళ్ల గొట్టాలకు మందంగా తొడుగు ఎందుకుందో గమనించండి. పార్కు భవనాల్లో ఒక్కోదానికి ఒక్కో ఏసీ యంత్రం పెట్టకుండా, పార్కు బయట ఉన్న కేంద్రంలో నీటిని చల్లబరిచి గొట్టాల ద్వారా అన్నిటికీ పంపిస్తారు. ఫ్లోరిడా గాలిలో తేమ విపరీతం. తొడుగు ఎక్కడ చిరిగినా గాలిలోని తేమ చల్లని గొట్టాన్ని తాకి నీరుగా మారుతుంది. ఆ నీరు కింద కారడమే కాదు, తొడుగులోకి ఇంకి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. తడిసిన తొడుగు వేడిని ఆపలేదు, దాంతో గొట్టం ఇంకా ఎక్కువ చెమర్చుతుంది. అందుకే చిన్న చిరుగైనా వెంటనే అతికిస్తారు.

కంప్రెస్డ్ ఎయిర్ రైడ్లలోని బొమ్మల కోసం. రెప్పలు ఆడించడం, నోరు తెరవడం లాంటి తేలికపాటి కదలికలకు గాలి చాలు. బరువైన చెయ్యి ఎత్తి సరిగ్గా ఒక చోట ఆపాలంటే గాలి పనికిరాదు. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, అందుకని చెయ్యి ఆగాల్సిన చోట కొంచెం ఊగుతుంది. అలాంటిచోట నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్స్ వాడారు. నూనె కుంచించుకోదు కాబట్టి కదలిక గట్టిగా, కచ్చితంగా వస్తుంది. దాని చిక్కు కారడం: వాషరు అరిగితే బొమ్మ వేసుకున్న పట్టుబట్టలన్నీ నూనె మరకలు. కొత్త రైడ్లలో ఎలక్ట్రిక్ మోటార్ల వైపు మళ్లడానికి ఇదీ ఒక కారణం.

పైన కనిపించే వాటిలో లావుపాటి గొట్టం చెత్తది. దాని వ్యాసం సుమారు 20 అంగుళాలు. గాలితో చెత్తను లాగే ఈ పద్ధతి స్వీడన్‌ది. 1961లో అక్కడి సోలెఫ్టియో ఆసుపత్రిలో మొదట పెట్టారు. పదేళ్లకు మ్యాజిక్ కింగ్‌డమ్ ద్వారా అమెరికాకు వచ్చింది. వీధిలో మీరు చెత్తబుట్టలో వేసినది నేరుగా గొట్టంలోకి పోదు. సిబ్బంది బుట్టల్లోని సంచులు తీసి, తెరవెనుక ఉన్న ద్వారాల్లో పడేస్తారు. అక్కడ అది కాసేపు ఆగుతుంది. తర్వాత అడుగునున్న మూత తెరుచుకుంటుంది, చెత్త గంటకు 60 మైళ్ల దాకా వేగంతో దూసుకుపోతుంది. పైన బరబరమని ఏదో దొర్లిపోయిన చప్పుడు వినిపిస్తే అదే. ఉలిక్కిపడకండి.

ఎందుకంత వేగం? గాలి మెల్లగా వీస్తే తేలిక కాగితాలు పోతాయి, తడిసిన సంచులు గొట్టం అడుగున కూర్చుండిపోతాయి. గంటకు 60 మైళ్లంటే సెకనుకు దాదాపు 27 మీటర్లు. 20 అంగుళాల గొట్టంలో ఆ వేగంతో గాలి పారాలంటే సెకనుకు 5 ఘనపు మీటర్లకు పైగా గాలిని లాగాలి. అన్ని మూతలూ ఒకేసారి తెరిస్తే ఆ బలం అన్నిటికీ పంచుకుపోయి ఎక్కడా చాలదు. అందుకే మూతలు వంతులవారీగా తెరుచుకుంటాయి. ఫ్యాన్లు ఇటువైపు నుంచి ఊదకుండా, చివర నుంచి పీలుస్తాయి. ఇందులో మంచి తెలివి ఉంది. ఊదితే గొట్టానికి చిన్న చిల్లు పడినా కంపు సొరంగంలోకి తన్నుకొస్తుంది. పీలిస్తే బయటి గాలే లోపలికి పోతుంది, వాసన బయటికి రాదు. చివర్లో చెత్తను గాలి నుంచి విడదీసి, అణిచి, కంటైనర్లలోకి ఎక్కిస్తారు. ఇలాంటి వ్యవస్థలు ఎక్కడున్నా చెడేది వంపుల దగ్గరే. పొడవాటి అట్టపెట్టె అడ్డంగా ఇరుక్కుంటుంది, గాజుముక్కలు వంపు బయటి అంచును రాచి రాచి పల్చన చేస్తాయి. అట్టపెట్టెలను విడిగా పంపాలన్న నియమం దానికోసమే.

టూర్లో ఒకటి రెండు రైడ్లు కూడా ఎక్కిస్తారు. ఏవన్నది ఆ రోజు పరిస్థితిని బట్టి మారొచ్చు. జంగిల్ క్రూజ్ అయితే పడవ నడిపే మనిషి చుక్కాని తిప్పుతున్నట్టు కనిపిస్తుంది. పడవ మాత్రం నీటి అడుగున ఉన్న పట్టా వెంట పోతుంది. పట్టా కనిపించకుండా నీళ్లకు రంగు కలుపుతారు. దయ్యాల బంగళా రైడు హాంటెడ్ మ్యాన్షన్ ఎక్కిస్తే మాత్రం అదృష్టమే. అందులో విందు గది ఉంది. ఖాళీ బల్ల చుట్టూ పారదర్శకమైన దయ్యాలు తేలుతుంటాయి, జంటలు నాట్యం చేస్తుంటాయి. తెర లేదు, వీడియో లేదు. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ ప్రదర్శించిన గాజు చిట్కాయే ఇది.

మీకూ గదికీ మధ్య పెద్ద పెద్ద గాజు పలకలు ఉన్నాయి. మామూలు గాజు తన మీద పడ్డ వెలుగులో నూటికి 8 వంతులు తిప్పికొడుతుంది, మిగతాదాన్ని దాదాపు అంతా లోపలికి పోనిస్తుంది. మీ పైనా, కిందా, మీకు కనిపించని నల్లరంగు గదుల్లో నిజమైన బొమ్మలు కదులుతుంటాయి. వాటి మీద పడే గట్టి వెలుగులో ఆ 8 వంతులే గాజులో ప్రతిబింబమై, వెనకాల ఉన్న మసక గదిలో నిలబడ్డట్టు కనిపిస్తాయి. ప్రతిబింబం గాజు వెనక ఎంత దూరంలో కనిపిస్తుందంటే, బొమ్మ గాజు ముందు ఎంత దూరంలో ఉందో అంతే. కాబట్టి దయ్యం సరిగ్గా కుర్చీలో కూర్చున్నట్టు కనిపించాలంటే కుర్చీ, బొమ్మ రెండూ గాజుకు సమాన దూరంలో ఉండాలి. దీపం ఆర్పితే దయ్యం మాయం. విందు గదిలో వెలుగు కాస్త ఎక్కువైనా, గాజు మీద దుమ్ము పేరుకున్నా భ్రమ చెడుతుంది. నాట్యం చేసే జంటలను నిదానంగా చూడండి: మగవాళ్లు కాకుండా ఆడవాళ్లు అడుగులు నడిపిస్తున్నట్టుంటారు. అద్దంలో కుడి ఎడమలు తారుమారయ్యాయి మరి.

ఆ రైడ్లో జనం కూర్చునే బగ్గీలన్నీ ఒకే గొలుసుకు తగిలించి ఉంటాయి, ఆగకుండా కదులుతుంటాయి. ప్రతి 3 సెకన్లకు ఒక బగ్గీ, ఒక్కోదాంట్లో ఇద్దరు అనుకుంటే గంటకు 2,400 మంది. క్యూ అంత చకచకా కదలడానికి రహస్యం ఇదే. చిక్కేమిటంటే ఒక్కరు ఎక్కడానికి ఆలస్యమైనా అన్ని బగ్గీలూ ఆగాలి. రోలర్ కోస్టర్లలో పద్ధతి వేరు. పట్టాను ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో ఒక రైలే ఉండేలా కంప్యూటరు కాపలా కాస్తుంది. ముందు ముక్క ఖాళీ కాకపోతే వెనక రైలును బ్రేకులు పట్టేస్తాయి. ఆ బ్రేకులను గాలి ఒత్తిడి తెరిచి ఉంచుతుంది. గాలి పోతే వాటంతట అవే మూసుకుంటాయి. మీ రైడు మధ్యలో ఆగిందంటే చాలాసార్లు ఏదో విరిగిపోయినట్టు కాదు, ఒక సెన్సరు అనుమానపడినట్టు. దిగమని సిబ్బంది చెప్పేదాకా కదలకుండా కూర్చోవాలి.

పరేడ్ శకటాలు ఉండే షెడ్డు దగ్గర ఒక ప్రశ్న అడిగి తెలుసుకోండి: శకటం వీధంతా కదులుతుంటే పాట ఎక్కడా ఎందుకు తడబడదు? శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది. ఒకే చోట లౌడ్‌స్పీకర్ పెడితే 100 మీటర్ల అవతల పాట 0.3 సెకను ఆలస్యమై, శకటం మీది సంగీతంతో కొట్టుకుంటుంది. అందుకని దారిని భాగాలుగా విడగొట్టి, శకటం ఏ భాగంలోకి వస్తే ఆ భాగం స్పీకర్లకు దాని పాట అందిస్తారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వర్షం మామూలే. దగ్గర్లో పిడుగులు పడుతుంటే బయటి రైడ్లు ఆపేస్తారు, టూర్ క్రమం కూడా మారుతుంది. ఉదయం మొదటి టూర్ తీసుకుంటే ఎండా, వానా రెండూ కొంత తప్పుతాయి. కొత్త చెప్పులు వద్దు, అలవాటైన బూట్లే వేసుకోండి. ఐదు గంటలు నడవలేని పెద్దవాళ్లకు ఇది తగదని మొహమాటం లేకుండా చెప్పడమే మంచిది.

వాళ్లకూ, 16 ఏళ్లలోపు పిల్లలకూ డిస్నీ వరల్డ్‌లోని మరో పార్కు ఎప్‌కాట్‌లో ‘బిహైండ్ ద సీడ్స్’ అనే టూర్ ఉంది. గంటసేపు, అన్ని వయసులవారికీ. 1982లో తెరిచిన ‘ద ల్యాండ్’ భవనంలోని గ్రీన్‌హౌసుల మధ్య నడిపిస్తారు. మట్టి లేకుండా ఇసుకలో, కొబ్బరిపొట్టులో పెరిగే కూరగాయలు, గాలిలో వేలాడే వేళ్లకు పోషకాల నీళ్లు చిమ్మే ఏర్పాట్లు, అచ్చులు తొడిగి మిక్కీ ఆకారంలో పెంచిన గుమ్మడికాయలు చూపిస్తారు. పురుగుమందుకు బదులు పేనుబంకను తినే అక్షింతల పురుగులను వదులుతారు. వ్యవసాయం తెలిసిన తాతయ్యను తీసుకెళితే గైడును ప్రశ్నలడిగేది ఆయనే అవుతాడు, పక్కన మనవలెవరైనా ఇంగ్లీషులో చెప్పిపెడితే చాలు.